రిజిస్టరులో లేని పేరు

ఆ రోజుల్లో నేను కోర్టులో గుమాస్తాని. ఎండుచేపలమ్ముకునే ఒకామె ప్రతి సోమవారం ఆమదాలవలస నుంచి వచ్చి నా బల్ల ముందు నిలబడేది. కొండల్లో అలజడిగా ఉన్న కాలం. ఆమె కొడుకును పోలీసులు పట్టుకెళ్లి రెండు నెలలైంది. నేను క్రిమినల్ కేసుల రిజిస్టరు తెరవగానే, తను దాన్ని ముట్టుకునేది లేకపోయినా, చేతులు చీర చెంగుకు గట్టిగా తుడుచుకునేది.

"మావోడి పేరు ఎక్కిందేటి బాబూ? సూడు."

నేను చివరి పేరుదాకా వేలుపెట్టి చూసి, "లేదమ్మా" అనేవాణ్ణి.

"నేదా! అయితే కేసు నేదు. వొదిలేస్తారు," అని నవ్వుకుంటూ మెట్లు దిగేది.

పట్టుకెళ్లిన మనిషి పేరు ఎక్కడా లేకపోతేనే భయపడాలని ఆమెకు చెప్పేవాణ్ణి కాదు. ఆమె వెళ్లాక, ఆ పేరు ఎక్కడైనా కనబడాలని మొక్కుకుంటూ, రిజిస్టరు మళ్లీ మొదటినుంచి తిరగేసేవాణ్ణి.