రెండుసార్లు పాడే పాట

మాజ్రి బొగ్గుబాయిలో నాతోపాటు పట్టాల మీది ఇనుప టబ్బులకు బొగ్గెత్తిన ఒకాయన గిటారు వాయించేవాడు. బదిలీపై వెళ్తూ ఒక రైల్వే గార్డు వదిలేసిన గిటారు అది. తీగ తెగితే సైకిల్ బ్రేకు వైరులోంచి ఒక పోగు లాగి బిగించేవాడు. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, ఇనుప గొట్టం ముక్కను తీగల మీద జార్చేవాడు. ఎవరూ నేర్పలేదు. ఇవాళ ఇక్కడి పెళ్లిబ్యాండ్లలో వినిపించే జారుడు ఆయనదే. ఎవరిదని అడిగితే మాత్రం ఒక్కడూ చెప్పడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుని పోయాడు. ఆయన గొంతు ఏ టేపులోనూ లేదు.

ప్రతి చరణంలో మొదటి పాదాన్ని రెండుసార్లు పాడి, మూడోదాన్ని జవాబుగా పాడేవాడు:

బండ మాట్లాడింది, పక్కకు రా తమ్మీ
బండ మాట్లాడింది, పక్కకు రా తమ్మీ
నీ ఎనక నేనున్న, నన్నిడిసి ఉరుకు

మొన్న ఉప్పర్వాహి సిమెంటు కాలనీ వార్షికోత్సవంలో ఈ పాట పాడతాం, నేర్పమని కుర్ర ఇంజనీర్లు నన్ను పిలిచారు. పాటంతా గుర్తున్నవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. మొదట కొన్ని చరణాలు చెప్పాను. తీరా రిహార్సల్‌లో వింటే మొదటి పాదం ఒక్కసారే పాడుతున్నారు.

"రెండోది ఏడ వాయె?" అన్నాను.

"తీసేసినం తాత. సాగదీసినట్టున్నది. పాపం, సదువుకోలే కదా, మాటలు దొరకక మళ్ల గదే పాడిండు," అన్నాడు గిటారు పట్టుకున్న ఇంజనీరు.

ఒళ్లు మండింది. నేనూ బడికి పోనివాణ్ణే. పొట్లాలు కట్టిన పాత పేపర్లు విప్పి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను.

"బాయిల కప్పు కూలేముందు బండ పటపటమంటది. అప్పుడు మనం ఒక్కసారి ఒర్లితే టబ్బుల చప్పుడుకు ఇనబడది. అందుకే రెండుసార్లు పిలుస్తుంటిమి. మూడోది లోపలున్నోని జవాబు. మాటలు లేక కాదు, మనిషి బతకాలని."

"ఖరే తాత, గాని మాకిచ్చింది నాలుగు నిమిషాలే."

"అయితే చరణాలు కొయ్యిండ్రి. రెండోసారి పాడేది కోస్తే మాత్రం ఇంకొక్క ముక్క గూడ నా నోట్లకెల్లి రాదు."

"తాత సమ్మె చేస్తుండురా," అని నవ్వాడు తబలా కుర్రాడు.

"చేసిన. మీ ఆదివారం సెలవు ఎట్లొచ్చిందనుకున్నవు?"

వాళ్లు వేదిక మీద ఒక్క చరణమే పాడారు. మొదటి పాదం మాత్రం రెండుసార్లు పాడారు. మిగిలిన ఏడు చరణాలూ నేను రాసిన ఈ పుస్తకం చివర పెట్టాను, మొదటి పాదం రెండేసిసార్లు. అచ్చువేసేవాళ్లు పాదం ఒక్కసారి చాలంటే, అసలు పుస్తకమే వద్దని చెప్పాను.