ఆ రోజు దుబాసీ ఎవరో తెలుపగలరు

కోర్టు ప్రహరీకి ఆనుకున్న రేకుల షెడ్డు కింద అర్జీలు రాయడం నా పని. కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు, పేరెందుకు లెండి. ఇన్నేళ్లుగా అందరి కష్టాలూ విని విని, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు నాకు. కాఫీలో చక్కెర తక్కువైనా సమాచార హక్కు కింద అడిగేట్టున్నావని మా ఇంటామె ఎగతాళి చేస్తుంది.

రెండేళ్ల కిందట ఒకామె వచ్చింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని. పుట్టి పెరిగింది కర్ణాటక వైపు కాబట్టి తెలుగు అంగట్లో బేరమాడేంత వస్తుంది, అంతే. మొగుడితో విడిపోయింది. ఏడేళ్ల కూతురు అత్తగారింట్లో ఉండిపోయింది. బిడ్డను తనకు ఇప్పించమని మా కోర్టులో కేసు వేసుకుంది. ఆమె కన్నడంలో చెప్పిందే, నేనిక్కడ మా తెలుగులో రాస్తున్నాను.

"బిడ్డను నేను సాకలేను, వాళ్ల నాయన దగ్గరే ఉండనీ అని నేను చెప్పినట్ల రాసుకున్నారన్నా. నేను అట్ల అనలేదు."

వాంగ్మూలం నకలు తీసుకుని చదివాను. దుబాసీ ద్వారా కన్నడంలో చదివి వినిపించగా సరియేనని ఒప్పుకున్నట్టు చివర ఉంది. అది చూపించే ఆమె తరఫు వకీలు చేతులెత్తేశాడట.

"దుబాసీగా ఎవరొచ్చినారమ్మా?"

"ఎవరూ రాలేదన్నా. ఆడ కూర్చున్నాయప్ప తెలుగులోనే అడిగినాడు. పెద్దోళ్లు గదా అని తల ఊపినా. సంతకం పెట్టమంటే పెట్టినా."

ముందు ఆమెనే అనుమానించాను. కేసు ఎదురు తిరిగాక మాట మార్చేవాళ్లను చాలామందిని చూశాను. కానీ ఇంటికి పోయాక ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. ఒకప్పుడు కన్నడ సాక్షి వస్తే బంట్రోతు బయటికి వచ్చి కేకేసేవాడు. నేనో, టీ కొట్టాయనో లోపలికి పోయి తెలుగులో చెప్పి వచ్చేవాళ్లం. తర్వాత ఆ పని ఏదో ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చారు. గేటు పక్కనే కూర్చునేవాణ్ణి, లోపలికి కుక్క దూరినా నాకు తెలుస్తుంది. ఆ ఏజెన్సీ దుబాసీని మాత్రం ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు.

ఆమె పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు రాశాను. ఆ రోజు దుబాసీ ఎవరో తెలుపగలరు. అతని అర్హతలేమిటో తెలుపగలరు. హాజరు పట్టీ నకలు ఇప్పించగలరు. ఆ హాజరును ధ్రువీకరించినది ఎవరో తెలుపగలరు. ఆ చివరి ప్రశ్న రాస్తుంటే నాకు భలే సంతోషం. దొంగ దొరికాడనుకున్నాను.

ముప్పై రోజులకు జవాబు వచ్చింది. వివరాలు ఏజెన్సీ దగ్గర ఉన్నాయట, బయటివాళ్ల సమాచారం గనుక ఇవ్వడం కుదరదట. అప్పీలుకు పోయాం. ఆ రోజుల్లో కోర్టు గుమస్తా నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్వాడా అనిపించేది, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అనిపించేది. పోస్ట్‌మ్యాన్ ఒకరోజు రాకపోతే వాణ్ణి కూడా ఏజెన్సీ వాళ్లు కొనేశారనుకున్నాను.

చివరికి నకళ్లు వచ్చాయి. కబురు చేస్తే ఆమె పని మానుకుని వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. హాజరు పట్టీలో దుబాసీ పేరుంది, చిలమత్తూరు తట్టు మనిషట. పక్కన వాడి సంతకం. కింద, పై వ్యక్తి నా ఎదుట హాజరైనాడని ఒక ముక్క, దాని కింద ఇంకో సంతకం.

అది నాది.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితానికైనా సాక్షి కావలిస్తే అర్జీలు రాసేవాళ్ల దగ్గరికే వస్తారు. తెచ్చినవాడి మొహం తెలిసినదైతే చాలు, కాగితం చదవం. చదివితే నా మీద నమ్మకం లేదా అని నొచ్చుకుంటాడు. దుబాసీ కాదు గానీ, ఏజెన్సీ బిల్లులు చూసే మనిషొకడు నెలాఖరుకు ఒక కట్ట పట్టుకొచ్చి, టీ చెప్పి, "ఈడొకటి పెట్టన్నా, ఈడొకటి" అంటూ పేజీలు తిప్పేవాడు. నేను కబుర్లు చెబుతూ పెట్టుకుంటూ పోయాను.

"ఏముండాదన్నా దాంట్లో?" అని ఆమె అడిగింది.

ఆమెకు తెలుగు చదవడం రాదు. ఏదో ఒక పేరు చెప్పి పంపించేద్దామా అనిపించింది, దాచడమెందుకు. నా మీద కేసు పెడతారేమోనని భయం. ఇంకెవరూ నా దగ్గర అర్జీ రాయించుకోరని అంతకంటే భయం.

"ఈ సంతకం నాదేమ్మా. చదవకుండా పెట్టినా. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు."

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"ఈ మాట కోర్టులో చెప్తావా?"

"అఫిడవిట్ రాసిస్తా. నీ వాంగ్మూలం మళ్లా తీసుకోమని అడగాలంటే మీ వకీలుకు ఇదొక్కటే ఆధారం."

అప్పటికప్పుడు రెండు పేజీలు టైపు చేసి ప్రింటు తీశాను. సంతకానికి పెన్ను తెరిచేసరికి ఆమె కాగితాల మీద చెయ్యి పెట్టింది. వాటిని తీసుకుని లేచి, షెడ్డు ఆ చివర కూర్చునే ఇంకో రైటర్ దగ్గరికి పోయింది. ఒక్కో వాక్యం కన్నడంలో చెప్పించుకుంటోంది. అతను మధ్యమధ్యలో నా వైపు చూస్తున్నాడు. నేను తల దించుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి తిరిగి వచ్చి కాగితాలు నా ముందు పెట్టింది.

"నువ్వు చెప్పినట్లే ఉండాదంట. ఇప్పుడు నువ్వొకసారి పూర్తిగా చదివి, సంతకం పెట్టన్నా."