ఎవాంజలిన్ కొయ్యనన్న తీగ

ప్రోతరాపూర్‌లో ఉండే ఎవాంజలిన్ పద్దెనిమిదేళ్ళుగా ఈ దీవుల్లో పురుగుల మీద పరిశోధన చేసే ఆఫీసులో రోజుకూలీ. పర్మనెంటు మాటెత్తితే వచ్చిన ప్రతి ఆఫీసరూ ‘చూద్దాం’ అనేవాడే. చూసిందెవరు? ఆమె మాత్రం చూసింది, అడవిని. ఆకు అంచు కొరికి ఉంటే ఏ పురుగో, నడిమధ్య చిల్లి పడితే ఏ పురుగో ఆమెకు తన వంటింటి గిన్నెల సొట్టలంత బాగా తెలుసు.

ఆఫీసు వెనక గుట్టవాలులో కందిగింజంత ఎర్ర ఆకుపురుగును పట్టిందీ ఆమే. అలాంటిది ఈ దీవుల్లో మరెక్కడా కనబడలేదని ఆఫీసరు ఉదయ్‌కుమార్ ఎగిరి గంతేశాడు. దొరికినప్పుడు అది అడవి అల్లం ఆకు మీద ఉంది. అంతే, దాని తిండి అడవి అల్లమేనని పరిశోధన కాగితం రాసి పత్రికకు పంపేశాడు. అల్లం పొద చుట్టూ కంచె కట్టించాడు. పొద మీదికి పాకిన అడవి పెండలం తీగను మాత్రం కోసి పారేయమన్నాడు. మెయిన్‌లాండ్ నుంచి పెద్దలు వచ్చేలోగా పొద శుభ్రంగా కనబడాలట!

ఎవాంజలిన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆ పురుగు అల్లం ఆకు మీద ఎండ కాచుకుంటుందంతే. తినేదీ, గుడ్లు పెట్టేదీ పెండలం తీగ మీద. తీగ పోతే పిల్లాజెల్లాతో సహా తుడిచిపెట్టుకుపోతుంది.

"నేను కొయ్యను సార్. అది తినేది ఈ తీగే."

"ఏడో క్లాసు చదివి నాకు పాఠం చెబుతావా? రేపటికి తీగ కనబడిందా, కూలీల మస్టర్‌లో నీ పేరు కనబడదు!"

ఎవాంజలిన్ ఇల్లు గడిచేది ఆ కూలితోనే. అయినా సాయంత్రం డబ్బా మూతకు చిల్లులు పొడిచి, రెండు ఎర్రపురుగులనూ అల్లం, పెండలం ఆకులనూ అందులో వేసుకుని బస్సెక్కింది.

మర్నాడు తీగ మొదట్లో బైఠాయించింది. ఉదయ్‌కుమార్ ఒంటికాలి మీద లేచాడు. తోటి కూలీ నూకన్నను కొయ్యమన్నాడు.

"దీదీ లెగకుండా ఎలగ కోస్తాను సార్?" అని నూకన్న కత్తి కింద పెట్టేశాడు.

ఎవాంజలిన్ డబ్బా మూత తీసింది. అల్లం ఆకు చెక్కుచెదరలేదు. పెండలం ఆకు జల్లెడైపోయింది. ఉదయ్‌కుమార్ ముఖం మాడిపోయింది.

"కాగితం అచ్చుకు వెళ్ళిపోయింది," అన్నాడు గొణుగుతూ.

"అచ్చయిపోయిందని చెప్పి పురుగు అల్లం తింటాదా సార్? పేరు కొట్టేస్తారా, కొట్టేయండి. మస్టర్ ఆఫీసుది, ఈ మొండితనం నాది. పగార్ లేకపోయినా రేపొస్తాను, ఎల్లుండొస్తాను, ఇక్కడే కూచుంటాను. దమ్ముంటే నన్ను దాటి కొయ్యండి!"

ఆఫీసరు మళ్ళీ డబ్బాలోకి చూశాడు. నిన్నటి గొంతు లేదిప్పుడు.

"ఇది నీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"పురుగు దొరికిన రోజు నుంచీ తెలుసు సార్."

"మరి కాగితం రాయకముందే నాకెందుకు చెప్పలేదు?"

ఎవాంజలిన్ లేవలేదు, తల మాత్రం ఎత్తి సూటిగా చూసింది.

"పద్దెనిమిదేళ్ళలో ఒక్కరైనా నన్ను అడిగారా సార్?"