చాక్‌పీసు పొడితో తోమిన వెండి

తులం కూడా తూగని ఒక వెండి బిళ్ళ డెబ్బైల నాటి నుంచి నా గుండె మీద కూర్చుని ఉంది. దింపుదామంటే ఎవరి ముందు దింపాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ ముందే దింపుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది, సగం దాకా.

బెజవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. మాది ఉయ్యూరు వైపు. ఆడపిల్ల ఎంత చదివినా, చుట్టం గుమ్మంలోకి వచ్చేసరికి ఇంట్లో వెండి నల్లగా ఉంటే ఆ చదువు దండగే అనేది మా అమ్మమ్మ. ఆ పాఠం నాకు ఫిజిక్సు కంటే బాగా వంటబట్టింది.

నాతోపాటు రోజ్‌మేరీ పనిచేసేది. గుణదల అమ్మాయి, నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది, నేను రోజ్ అనేదాన్ని. యూనివర్సిటీ ప్రొఫెసరుగారు ఒకరు మాకు లేజరు అరువిచ్చారు. దాంతో తను ఒక నీలం రంగు మీద పనిచేసేది. రంగు మీద కాంతి పడితే, అందులో రవ్వంత, తీరు కాస్త మార్చుకుని వెనక్కి వస్తుంది. ఆ మార్పును బట్టి అది ఏ అణువో గుర్తుపట్టవచ్చు. కాని ఆ రవ్వంత కాంతి మా పరికరానికి ఆనేది కాదు.

ఒకరోజు రోజ్ వెండి బిళ్ళను ఉప్పునీళ్ళలో పెట్టి కరెంటు ఇచ్చింది. బిళ్ళ గరుకెక్కి, నల్లబడి, మసిగుడ్డలా తయారైంది. దాని మీద రంగునీళ్ళ చుక్క వేసి లేజరు కొడితే గ్రాఫు గీసే ముల్లు కాగితం అంచుదాకా ఎగిరింది. చర్చిలో ఒకరు ఎత్తుకున్న పాటను అందరూ అందుకున్నట్టు, ఆ గరుకు వెండి ఆ రంగు గొంతును పెంచింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఆ చీకటి గదిలో గెంతాం, చీరలతోనే.

ఇంతలో ప్రొఫెసరుగారు లేజరు తీసుకెళ్ళడానికి వస్తున్నారని కబురు. ఇది చూపిస్తే మాకే వదిలేస్తారని రోజ్ ఆశ. ఆయన్ని తీసుకురావడానికి తను స్టేషనుకు వెళ్ళింది. నేను గది సర్దుతున్నాను. బల్ల మీద ఆ నల్లటి బిళ్ళ కనిపించింది. పెద్దమనిషి వస్తుంటే వెండి ఇలాగా? హాస్టల్ వంటింట్లో కాస్త చింతపండు అడిగి తెచ్చి రుద్దాను. చాక్‌పీసు పొడి వేసి మళ్ళీ తోమాను. ముఖం చూసుకునేంత బాగా తోమాను.

చీకటి గదిలో రోజ్ గమనించలేదు. చుక్క వేసింది. ముల్లు కదల్లేదు. మరో చుక్క వేసింది. అబ్బే. అంతకుముందు ఏదో మురికి అంటి ఉంటుందని ప్రొఫెసరుగారు నెమ్మదిగానే చెప్పి, బండికి వేళయిందని లేజరును పెట్టెలో సర్దించుకున్నారు.

ముల్లు ఎందుకు కదల్లేదో నాకు అప్పటికే తెలిసిపోయింది. గరుకులోనే ఉంది మహత్యం. నునుపు చేసింది నేను. నోరు తెరిచి ఉంటే ఆయన్ని ఒక పూట ఆపి బిళ్ళను మళ్ళీ ఉప్పునీళ్ళలో పెట్టేవాళ్ళం. ఎందుకు తెరవలేదు? ఫిజిక్సు లెక్చరరు ప్రయోగాన్ని చింతపండు పెట్టి తోమిందంటే కాలేజీ అంతా నవ్వుతుందని. అంతేనా? రోజ్ నన్ను దాటిపోతుందన్న కుళ్ళు ఏ మూలో ఉందా? చాలాసార్లు వెతుక్కున్నాను. లేదని ఒట్టు వెయ్యలేను.

ఆయన వెళ్ళాక రోజ్ వరండాలో బిళ్ళను ఎండకు పట్టి చూసింది.

"అక్కా, ఇదేంటి ఇంత తెల్లగా ఉంది? ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నాకేం తెలుసమ్మా. వెండి కదా, తెల్లగానే ఉంటుంది మరి."

"అంతేలెండి. మొన్న నేనే తప్పు చూసుంటాను."

లేజరు పోయింది. తను అద్దాలూ కటకాలూ చెప్పుకుంటూ ఉండిపోయింది. కొంతకాలానికి లైబ్రరీకి వచ్చిన విదేశీ పత్రికలో గరుకు వెండి సంగతి చదివి, పరుగున స్వీట్ల పొట్లంతో వచ్చింది. "నా కళ్ళు బాగానే ఉన్నాయక్కా" అంది. అప్పుడైనా చెప్పానా? లడ్డు తిన్నాను. ఇంకోటి పెడితే అదీ తిన్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వెండి తోమను. నల్లటి కుంకుమ భరిణె చూసి చుట్టాలు నా బద్ధకాన్ని ఏళ్ళుగా ఆడిపోసుకుంటున్నారు. అందరికంటే ఎక్కువగా రోజ్‌మేరీయే. ఇప్పటికీ వస్తుంది, ఇప్పటికీ అక్కా అంటుంది. ఈసారి వచ్చినప్పుడు చెబుతానో లేదో నాకే నమ్మకం లేదు. క్షమిస్తుందో లేదో అంతకన్నా తెలియదు. కాని ఆ మాట ఒక్కసారైనా నా చేత్తో రాయాలనిపించింది.

రోజ్, నువ్వు తప్పు చూడలేదు. ఆ బిళ్ళ తోమింది నేనే.