పచ్చరంగు కింద హద్దురాళ్లు

కాలేజీలో నేను నేర్చిన విద్యల్లో ఇంటికి పనికొచ్చేది ఒక్కటీ లేదని, నేను బాపు అని పిలిచే మా నాన్న అభిప్రాయం. నీటిరంగులతో బొమ్మలు వేయడం వాటిలో మరీ పనికిరానిది. ఆయన కొంచెం పొరబడ్డాడు. అది పనికొచ్చింది. మా ఇంటికి కాదు, అంతే.

దసరా సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చి, గుట్టెక్కి కూర్చుని మా ఊరిని వేశాను. మేనమామ, అంటే అమ్మకు స్వయానా తమ్ముడు, పక్కన చేరి చూసేవాడు. ఊళ్లో నా చిత్రకళకు ఉన్న ఏకైక అభిమాని ఆయన. రంగు ఎండకు బిగుసుకుంటే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చేవాడు.

గుట్ట కింద మోటబావి, దాని పక్కన మా వరిమడి, దాన్నానుకుని మామ పొలం. రెండింటి మధ్య సున్నం కొట్టిన హద్దురాళ్లు. నీటిరంగుల్లో తెలుపును వేయం. తెల్లగా కావలసినచోట కాగితాన్ని ముట్టకుండా వదిలేస్తాం. రాళ్ల కోసం అట్లాగే వదిలాను.

"అల్లుడా, గక్కడ రంగెయ్య మర్సినవా?" అన్నాడు మామ.

"అవి హద్దురాళ్లు మామా."

"రాళ్లెవడు జూస్తడు? కొంగలు రెట్టేసినట్టున్నయ్. పచ్చగ నింపరాదు, కండ్లకు సల్లగుంటది."

సలహా కళాత్మకంగానే తోచింది. నింపాను. ఆ పచ్చదనం కిందినుంచి తెలుపు ఇక పైకి రాదు. సంతకం కూడా పెట్టి, "నా ఇంట్ల పెట్టుకుంట" అని ఆయన అడిగితే సంతోషంగా ఇచ్చేశాను.

ఎండాకాలం సెలవులకు వచ్చేసరికి పొలంలోనూ రాళ్లు లేవు. మా మడిలో సగం మామ నాగలి కిందికి పోయింది. ఆ మడే మా ఏడాది తిండి, తక్కినదంతా నీళ్లు పారని చెలక. బాపు ఫిర్యాదు చేస్తే, భూముల తగాదాలు చూసే గిర్దావరు వచ్చాడు. ఊరి భూలెక్కలు రాసే పట్వారీ దగ్గరున్న పొలాల నక్షాలో సరిగ్గా ఆ మూలనే చెదలు తినేశాయి. చెదలకు మాతో తగాదా ఏమీ లేదు. అలవాటు కొద్దీ తిన్నాయి.

అప్పుడు మామ సంకలోంచి నా బొమ్మ తీశాడు.

"సాబ్, గీడ రాళ్లెన్నడున్నయ్? మా బావ కొడుకే గీసిండు, గుట్ట మీద కూసొని, ఉన్నదున్నట్టు. సదువుకున్న పిలగాడు అబద్ధం గీస్తడా?"

గిర్దావరు బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "బహుత్ అచ్ఛా" అన్నాడు. నాకు దొరికిన సర్కారీ ప్రశంస అదొక్కటే.

"రాళ్లుండెనా, లేవా?" అని నన్నడిగాడు.

"ఉండె సాబ్. మామనే పచ్చరంగు నింపుమన్నడు."

"రంగుల సంగతి నాకేం దెల్సు సాబ్?" మామ నా వంక జాలిగా చూశాడు. "బాపుకు భయపడి గట్లంటున్నడు, పాపం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మామ కూడా నవ్వాడు. రాళ్లు ఏనాడూ లేవని తేల్చి, దున్నినంత మేర మామదేనన్నాడు గిర్దావరు.

మిగిలిన సగం మడి గట్టు మీదుగా బాపు ఇంటిదారి పట్టాడు, నేను వెనకాలే నడిచాను.

తగాదా తెగ్గానే తమ్ముడు బావ వెంటే భోజనానికి వస్తాడని నమ్మి, అమ్మ ఆయన వంతు కూడా కలిపి వండింది.

"వాడేమన్నడు?" అని అడిగింది.

"నవ్విండు" అన్నాను.

మా ఇద్దరికీ వడ్డించింది. మిగిలిన అన్నం తీసుకెళ్లి కుడితి గోలెంలో పోసింది. ఆ పూట మా బర్రె కడుపునిండా తిన్నది.