కూలర్‌లో పట్టని బార్లీ

ఇఫ్తార్‌కి ముందు మా క్యాంపు వంటాయన పెద్ద గిన్నెలో బార్లీ షోర్బా, అదే జావలాంటి సూపు, కాస్తాడు. రియాద్‌లో మా గది కిటికీ ఆ వంటగది వైపే ఉంటుంది. తడిసిన గడ్డి, మాడిన రొట్టె, కాస్త తీపి కలిసిన ఆ ఆవిరి ముక్కుకి తగిలితే చాలు, నా నోరు ఊరుకోదు. ఎవరు దొరికితే వాళ్ళతో చెబుతాను, ఒకప్పుడు హఫర్ అల్ బాతిన్ క్యాంపు‌లో ఇరవై లీటర్ల నీళ్ళ కూలర్‌లో ఇరవై కిలోల బార్లీ పట్టించిన మొనగాణ్ణి నేనని. సైటుకి చల్లటి నీళ్ళు మోసుకెళ్ళే ఆ నారింజరంగు డబ్బా తెలిసిన వాళ్ళెవరూ నమ్మరు. అయినా స్టోరు చూసుకునే ముసలాణ్ణి కదా, మర్యాదకి తలూపుతారు.

ఇరవై కాదు, పది. ఆ పదీ పట్టలేదు. అసలు ఆ విద్య నాది కాదు, పోశెట్టి అన్నది.

పోశెట్టి అన్న జగిత్యాల దిక్కు మనిషి, పైప్ ఫిట్టర్. నాకంటే పదేళ్ళు పెద్ద. హఫర్‌లో ఒకే గదిలో ఆయన, నేను, నర్సయ్య ముగ్గురం. ఊళ్ళో ఆయన ఇల్లు గోడల దాకా లేచి స్లాబు పడక ఆగిపోయింది. ఇంకో రెండేళ్ళు ఇక్కడ నిలబడితే కప్పు పడుతుందని రోజూ అనేవాడు. అంతకు మించి తన గురించి మాట్లాడేవాడు కాదు.

ఆ ఏడాది నర్సయ్య తండ్రి చనిపోయాడు. నర్సయ్యకి సెలవు దొరకలేదు. మా ప్రాంతంలో నెల తిరిగేసరికి, పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నదీ తాగిందీ విస్తట్లో పెట్టి, పిట్ట ముట్టేదాకా పక్కకి నిలబడతాం. ముట్టకపోతే వాళ్ళకి అందనట్టే. నర్సయ్య తండ్రి కల్లు లేనిదే ముద్ద మింగని మనిషి. ఈ దేశంలో కల్లు ఎక్కడిది? నర్సయ్య తిండి మానేసి గోడకేసి తిరిగి పడుకున్నాడు. మూడో రోజు పోశెట్టి అన్న గొర్రెల సంతకి వెళ్ళి, దాణా కొట్టులో పదిహేను కిలోల బార్లీ కొనుక్కొచ్చాడు. బార్లీతో కల్లులాంటిది చెయ్యడం పాత క్యాంపులో ఇథియోపియా వంటాయన దగ్గర చూసి నేర్చుకున్నాడట. దొరికితే జైలు, ఆ తర్వాత వేలిముద్రలు తీసుకుని ఎగ్జిట్, మళ్ళీ ఈ గడ్డమీద కాలు పెట్టలేం. అది ముగ్గురికీ తెలుసు.

గింజల్ని తడిపి మొలకెత్తించి, మిద్దె మీద ఎండబెట్టి, పలుకుగా నూరాం. ఒక శుక్రవారం నీళ్ళు కాచి నా చేత చూపుడు వేలు ముంచించాడు.

“మూడు లెక్కవెట్టు. మూడో లెక్కకు ఏలు తియ్యబుద్ధైతే మంచిగున్నయ్. ఒకటికే తీస్తివా, గింజ సచ్చిపోతది.”

కూలర్ అడుగున పాత ధోవతి ముక్క పరిచి, ఐదు కిలోల పలుకు, దానికి సరిపడా నీళ్ళు పోసి మూత బిగించాడు. రెండు గంటలాగి కొళాయి తిప్పితే తేనెరంగు తీపినీళ్ళు సన్నగా దిగాయి. ఆ నీళ్ళలో రొట్టెల ఈస్టు కలిపి ఒక క్యాన్‌లో పోసి తలుపు వెనక పెట్టాడు. మిగిలిన పది కిలోలు కూడా ఇప్పుడే పోసేద్దామన్నాను. గింజ ఉబ్బుతుందని, డబ్బా ఎంత అడిగితే అంతే పొయ్యాలని, మిగతాది రెండు శుక్రవారాల్లో చేద్దామని చెప్పాడు. నర్సయ్య తండ్రికి ఒక గ్లాసు చాలు. మిగిలేదంతా ఎవరికోసమని నేను తొందరపడ్డానో వేరే చెప్పాలా?

సోమవారం జ్వరమని డ్యూటీ ఎగ్గొట్టి పదికి పది కిలోలూ కూలర్‌లో కుక్కాను. వేడినీళ్ళు పోసిన కాసేపటికే అది సిమెంటులా బిగుసుకుంది. కొళాయి చుక్క రాల్చలేదు. చీపురుకట్టతో కలిపాను, ఇంకా నీళ్ళు పోశాను, మూత పక్కనుంచి జావ పొంగి గదంతా పారింది. భయమేసి మొత్తం ఎత్తి బాత్‌రూం తూములో కుమ్మరించాను. మధ్యాహ్నానికి వరండాలో మురుగు లేచింది. బాగుచెయ్యడానికి సైటు నుంచి ఎవరిని పిలిపిస్తారు? పైప్ ఫిట్టర్‌నే. నర్సయ్య కూడా సాయానికి వచ్చాడు.

పోశెట్టి అన్న తూములో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు జావ తీసి వాసన చూశాడు.

“ఎంత పోసినవ్‌ర?”

“పది.”

“డబ్బా మాట ఇనకపోతివి,” అని మళ్ళీ చెయ్యి లోపల పెట్టాడు. ఎవరూ రాకముందే అంతా ఎత్తేయాలని ఆయన తాపత్రయం. ఈలోగా క్యాంప్ బాస్ వాసన పట్టుకుని గదిలోకి వచ్చి, తలుపు వెనక క్యాన్ బయటికి లాగాడు. ముగ్గుర్నీ నిలబెట్టి ఎవరిదని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పోశెట్టి అన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ ముందుకొచ్చి, “మేరా హై,” అన్నాడు.

నెల మాసికం నాడు నర్సయ్యా నేనూ మిద్దె మీద అన్నం, కోడికూర, బకాలా కొట్టులో కొన్న మత్తులేని బార్లీ పానీయం డబ్బా పెట్టి ఎండలో నిలబడ్డాం. హఫర్‌లో కాకులుండవు. రెండు పావురాలొచ్చాయి, చూసి ఎగిరిపోయాయి. జైలు నుంచే పోశెట్టి అన్నని ఊరికి పంపేశారు. చాలా రోజులకి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే, నర్సిగాని తండ్రికి పిట్ట ముట్టిందా అని. ముట్టిందన్నా, అన్నాను. ఆయన చనిపోయేదాకా ఆ ఇంటి మీద రేకులే ఉన్నాయట.

ఇప్పటికీ స్నానానికి నీళ్ళు కాగితే చూపుడు వేలు ముంచి మూడు లెక్కపెడతాను. ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు మిగిలింది అదే.

ఇదంతా రాసి నిన్న నర్సయ్యకి చదివి వినిపించాను. నాతో పాటే ముసలివాడై, ఇప్పటికీ నా పక్క మంచమే వాడిది. పది కిలోల దగ్గర తలూపాడు. పావురాల దగ్గర ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చివరిదాకా విని అన్నాడు:

“రాజన్నా, అన్న తనంతట తాను ముందుకు రాలే. నువ్వు ఆయనను సూపెట్టినంకనే ‘మేరా హై’ అన్నడు. గదే ఏలుతోని సూపెట్టినవ్.”