చైనా భాష చదివిన టాలీ గుమాస్తా

మా బావను చంపింది మీరు.

గుండె ఆగి పోయాడని డాక్టరు రాసిన కాగితం నా దగ్గరా ఉంది. పోయిన గురువారం పొద్దున్న, పెద్దాసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద పోయాడు. మర్నాడు పేపర్లో మూడు లైన్లు వేశారు, రేవు ఉద్యోగి మృతి అని. ఆయనకి చైనా భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చన్న సంగతి ఆ మూడు లైన్లలో పట్టలేదు. ఎందుకు పడుతుంది? ఈ ఊళ్లో ఆయన్ని 'చైనావోడు' అని పిలిచి నవ్వుకున్నది మీరు. ఎదురుగా కూర్చుని ఒక్క అక్షరం నేర్చుకోనిది మీరు. ఇప్పుడు సంతాపసభ పెడతామని నా గుమ్మం ఎక్కుతున్నదీ మీరే.

మీరంటూ నేను బయట నిలబడి వేలు చూపిస్తున్నానని అనుకోకండి. నా వంతు నేరం కింద చెబుతాను. అది మీ అందరి వంతు కంటే పెద్దది.

ఆయన మా అప్ప భర్త. అప్పంటే మా వైపు అక్క. మావి తగరపువలస దగ్గర సేద్యం చేసుకునే కుటుంబాలు. బావ ఎస్సెల్సీ చదివి, రేవులో ఒక కంపెనీలో టాలీ గుమాస్తాగా చేరాడు. ఓడలోంచి దిగే ప్రతి బస్తానీ గట్టు మీద నిలబడి లెక్కపెట్టడం ఆయన పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మొత్తం ఐదు. అలా లక్షల గీతలు గీసిన చెయ్యి అది.

డెబ్భైల మొదట్లో హాంకాంగ్ నుంచి ఎరువుల ఓడ ఒకటి వచ్చింది. సాయంత్రానికి బావ లెక్కకీ, ఓడ తరఫున రాసుకున్న చైనా నావికుడి లెక్కకీ మూడు బస్తాల తేడా తేలింది. అలాంటప్పుడు రేవులో రివాజు ఒకటే. ఎవరు గట్టిగా అరిస్తే లెక్క వాళ్లది. బావ అరవకుండా అవతలివాడి పుస్తకం అడిగి తీసుకున్నాడు. అందులో నిలువు గీతలు లేవు. ఒకే అక్షరం బారులు బారులుగా రాసి ఉంది. బస్తాకో గీత చొప్పున ఐదు బస్తాలకి ఒక అక్షరం పూర్తవుతుందని ఆ మనిషి వేళ్లతో చూపించాడు. బావ మొదటినుంచీ సరిచూసి, తప్పు తనదేనని ఒప్పుకుని సంతకం పెట్టాడు. కంపెనీ మేస్త్రీ నానా మాటలూ అన్నాడట. అవేవీ ఆయన చెవిన పడినట్టు లేదు.

ఆ రోజు ఇంటికొచ్చి సుద్దముక్కతో ఆ అక్షరాన్ని వీధి తలుపు మీద రాశాడు. నేనప్పుడు వాళ్లింట్లోనే ఉండి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అప్ప వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏటది? దిష్టి తగలకుండా రాత్తన్నావేటి?"

"దిష్టి కాదే. ఐదు."

"మనకి నేదేటి ఐదు?"

"ఉన్నాది. మనం ఐదోది రాగానే ముందు నాలుగూ కొట్టేత్తాం. ఆల్లు కొట్టరు. కడతారు."

అక్కడ మొదలైంది. తర్వాత ఏడేళ్లు, చైనా నావికులున్న ఓడ ఏది వచ్చినా బావ చేతిలో అరటిపళ్ల అత్తంతో నిచ్చెన ఎక్కేవాడు. ఒక అత్తానికి నాలుగు మాటలు నేర్చుకుని దిగేవాడు. సిగరెట్టు పెట్టెలు చింపి వాటి లోపలివైపు రాసుకునేవాడు. అన్నం తింటూ ఎడమచేతి వేలితో కంచం పక్కన నేల మీద గీస్తుంటే, పిల్లలు కూడా అలాగే గీసేవారు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, హాంకాంగ్‌లో విదేశీయులకి చైనా భాష నేర్పే సాయంకాలపు కళాశాల ఉందని ఓడలో రేడియో ఆఫీసరు చెప్పాడు. పగలు గోడౌన్లో ఇదే లెక్కల పని చేసుకోవచ్చన్నాడు. రెండేళ్ల చదువు. బావకి నలభై దాటాయి. అప్పని అడిగాడు. వెళ్లమంది.

పాస్‌పోర్టు విచారణకి ఒక పోలీసాయన వచ్చాడు. శ్రీకాకుళం అడవుల్లో జరిగినదంతా ఎవరూ మరిచిపోని రోజులు. చైనా అన్న మాట వింటేనే లాఠీ పైకి లేచేది. మీ ఆయన ఏ పుస్తకాలు చదువుతాడని అప్పని అడిగాడు. బస్తాలు లెక్కపెడతాడు, ఆ లెక్క ఇంకో భాషలో నేర్చుకుంటాడట అని చెప్పి అప్ప ఆయనకి టీ ఇచ్చింది.

ఆ వారంలోనే మావాళ్లూ వచ్చారు. మావాళ్లంటే అభ్యుదయ మిత్రులు, నాతో కలిసి కరపత్రాలు రాసినవాళ్లు. మనిషొకడు దొరికాడని వాళ్లకి పండగ. అక్కడి కమ్యూన్ల గురించి కనుక్కురమ్మని ప్రశ్నల జాబితా చేతిలో పెట్టారు. బావ దాన్ని నాలుగు మడతలు పెట్టి నాకిచ్చేశాడు. మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు, బావమరిదినైనా సరే.

"బావా, మీరూ ఆ పోలీసూ ఒకటే అడుగుతన్నారు. అది రాజకీయాలోల్ల బాసే అనుకుంతన్నారు. మరక్కడ సేపలమ్ముకున్నోల్లు ఏ బాస మాటాడతారు?"

మేం నవ్వేశాం. అమాయకుడనుకున్నాం.

హాంకాంగ్ నుంచి పది రోజులకో ఎయిర్‌లెటర్ వచ్చేది. నేను చదివితే అప్ప వినేది. అప్పకి సంతకం తప్ప రాదు. మొదటి ఉత్తరంలోనే ఒక దెబ్బ. ఏడేళ్లుగా నావికులు నేర్పింది దక్షిణాది మాటట, కళాశాలలో నేర్పేది బీజింగు మాటట. నోరు మళ్లీ మొదటినుంచీ తిప్పుకోవాలి. తను మాట్లాడితే టీచరమ్మ నవ్విందని రాశాడు. 'మనం నాను, ఏటి అంటే బెజవాడోల్లు నవ్వినట్టే నవ్వినాది. కోపం రానేదు. ఇంటికొచ్చినట్టున్నాది' అని రాశాడు. గీతల వరస తప్పితే ఆ ముసలామె పెన్సిలుతో వేళ్ల మీద కొట్టేదట. నలభై దాటాక దెబ్బలు తినే భాగ్యం ఎంతమందికి పడుతుందని మురిసిపోయాడు.

రెండేళ్లూ ముగియవచ్చాయి. అప్పుడొచ్చిన ఉత్తరం నా దగ్గరే ఉంది. ఉత్తరం కాదది, టాలీ కాగితం. మూడు గళ్లు గీశాడు. ఒకటి, అక్కడే ఇంకో మూడేళ్లు ఉండి డిగ్రీ చదవడం. సీటు ఇప్పిస్తానని టీచరమ్మ మాటిచ్చింది. రెండు, ఢిల్లీ ద్వారా బీజింగు వెళ్లే దారి తెరుచుకుంటుందంటున్నారు, దానికోసం ఆగడం. మూడు, ఇంటికొచ్చేసి పనిలో చేరి ఇక్కడే నలుగురికి నేర్పడం. ఒక్కో కారణానికి ఒక్కో గీత చొప్పున ఆ ఐదు గీతల అక్షరాలతో ఒక్కో గడీ నింపాడు. మొదటి గడిలోనే ఎక్కువ అక్షరాలున్నాయి. కింద ఒక్క వాక్యం: 'మీ అప్ప ఏటంటే అది.'

చదివి వినిపించాను. అప్ప బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"ఉండమని రాయరా తమ్ముడా. రెండేల్లున్నదాన్ని, ఇంకో మూడు ఉండలేనేటి? సదువు సగంలో ఒగ్గీవద్దని రాయి."

నేను అలా రాయలేదు.

అప్పకి ఒంట్లో బాగుండడం లేదని రాశాను. పిల్లలు మాట వినడం లేదని రాశాను. పైకి చెప్పడం లేదు గాని నీకోసం ఎదురుచూస్తోందని రాశాను. కింద ఆమెతో సంతకం పెట్టించాను. ఎందుకు? ఉక్కు కర్మాగారం వస్తోంది, రేపు చైనా ఓడలొస్తాయి, కార్మికులకీ విద్యార్థులకీ ఈయన అవసరం ఉంది, చదువులు చాలు, ప్రజల మధ్యకి రావాలి. అప్పుడు నేను ఈ మాటలన్నీ నమ్మాను. ప్రజల పేరు చెప్పి మా అప్ప నోట్లో నా మాట పెట్టాను. స్త్రీల గొంతు నొక్కేస్తున్నారని అదే నెలలో పెద్ద వ్యాసం రాసినవాణ్ని.

బావ వచ్చేశాడు. గుమ్మంలో పెట్టె దించగానే, చదువు అయిపోయిందా అని అప్ప అడిగింది. బావ ఆమెని పైనుంచి కిందికి చూశాడు. నిక్షేపంలా ఉంది. తర్వాత నన్ను చూశాడు. కాళ్లు కడుక్కుని లోపలికెళ్లాడు. మర్నాడు రేవుకెళ్లి, పాత పనిలోనే చేరాడు.

ద్వారకా నగర్‌లో మావాళ్ల చదువుల గదిలో క్లాసు పెట్టించాను. మొదటిరోజు పదకొండు మంది. తొమ్మిది మంది సిద్ధాంత గ్రంథాలు మూలంలో చదవడానికొచ్చిన మావాళ్లే. ఒకడు మఫ్టీ పోలీసు. బావ చేపల పేర్లు, బస్తాల లెక్కలు, ఆకలేస్తోందని చెప్పడం నేర్పాడు. మూడు వారాల్లో మావాళ్లు మానేశారు. పోలీసు ఇంకో వారం ఎక్కువ వచ్చాడు. అంత మాత్రం మర్యాద చట్టానికి ఉంది, మనకి లేదు.

పదకొండో మనిషి జాలారిపేట అమ్మాయి. తండ్రి సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. గది మూసేశాక కూడా ఆమె మానలేదు. ఆరేళ్లు, ఆదివారం ఆదివారం, మా అప్ప వరండాలో చదువుకుంది. ఇప్పుడు డిగ్రీ అయింది. బీజింగులో చదవడానికి ఎంపికైంది. ఢిల్లీలో ఎమ్మే సీటూ వచ్చింది. ఇంట్లోవాళ్లు బ్యాంకు పరీక్షల కోచింగు చాలంటున్నారు. ఏ దారైనా ఆమె ఇష్టం. కానీ మొదటి దారికి కావలసిన పాస్‌పోర్టు విచారణ ఎనిమిది నెలలుగా కదలడం లేదు, దరఖాస్తులో గురువు పేరు అడిగిన చోట మా బావ పేరు రాసినందుకు.

పోవడానికి రెండు రోజుల ముందు వార్డులో బావ ఆ సంగతే ఎత్తాడు. ఘాటుగా ఒక అర్జీ రాస్తాను, నువ్వు నిశ్చింతగా ఉండు అన్నాను.

"నువ్వు రాయకు బావా. ఆ గుంటే రాసుకుంతాది."

అప్పటికే తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"కోపం కాదు. నీ రాత బాగుంటాది. అదే బయం."

దీన్ని అచ్చుకిచ్చే ముందు అప్పకి చదివి వినిపించాను. నేను మార్చి రాసిన ఉత్తరం సంగతి దగ్గర చదవడం ఆపాను. చదవమంది. అంతా విన్నాక చెప్పింది:

"నాకు తెలుసురా. ఆయనొచ్చిన రోజే సెప్పినాడు. నీకు అన్నం పెట్టడం మానీమనలేదు."

సంతాపసభలు వద్దు. నావల్ల, మీవల్ల కావలసినవి ఇవి:

ఒకటి. జాలారిపేట అమ్మాయి పాస్‌పోర్టు విచారణ ఈ నెలలో ముగించాలి. అభ్యంతరముంటే కాగితం మీద ఆమెకే చెప్పాలి.

రెండు. మా బావ పేరు పక్కన పోలీసు ఫైల్లో ఏం రాసుకున్నారో అది కొట్టేయాలి.

మూడు. ఈ ఊరి విశ్వవిద్యాలయంలో చైనా భాషకి ఒక గది, ఒక నల్లబల్ల, జీతమిచ్చి ఒక ఉపాధ్యాయుడు.

నాలుగు. రేవులో, ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ చదువుకోదలచినవాళ్లకి, వయసు అడగకుండా చదువు సెలవు.

ఐదు. అప్ప దగ్గరున్న ఆయన నోటుపుస్తకాలు గ్రంథాలయం తీసుకోవాలి. బీరువాలో పెట్టి తాళం వేయకూడదు.

ఆరు. ఆ అమ్మాయి ఏ దారి ఎంచుకుంటుందో ఆమెనే అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి.